బొర్రా గుహల నుంచి భీమిలి దాకా: గోస్తని వెంట విశాఖ

విశాఖపట్నం వెళ్తున్నామంటే చాలు, మా వైపు ఎవరైనా ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. అవీ బాగుంటాయి, కాదనను. కానీ ఈసారి నాకు ఆ చుట్టుపక్కలంతా ఒక నది వెంట చూడాలనిపించింది. గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల అడుగు నుంచి వచ్చి, తాటిపూడి ఆనకట్ట దగ్గర నిలిచి, పద్మనాభం మీదుగా భీమిలి చేరి సముద్రంలో కలుస్తుంది. కృష్ణ ఒడ్డున పెరిగిన కళ్లకు చాలా చిన్న నది. కానీ ఆ కాస్త దూరంలోనే గిరిజన గూడేలు, కాఫీ తోటలు, విశాఖ తాగే నీళ్లు, ఒక రాజు ప్రాణం వదిలిన యుద్ధభూమి, డచ్చివాళ్ల సమాధులు, అన్నీ ఉన్నాయి. అమ్మను తీసుకుని తెనాలి నుంచి బయల్దేరాను. అమ్మకు సొంత అన్నయ్య, మా మామయ్య, గోపాలపట్నంలో ఉంటాడు, పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. నిన్నే తిరిగొచ్చాం. ముఖాలు, మాటలు ఇంకా గుర్తున్నప్పుడే రాసేస్తున్నా.

డిసెంబరు 11, గురువారం: పాత ఊరు

"ఫిషింగ్ హార్బర్ చూడాలంటే ఎండెక్కకముందే చూడాలిరా, తర్వాత వెళ్తే ఖాళీ తట్టలు తప్ప ఏం ఉండవు" అని మామయ్య తెల్లవారుజామునే లేపేశాడు. మేం వెళ్లేసరికి మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. రోజుల తరబడి సముద్రంలో ఉండి అప్పుడే ఒడ్డుకొచ్చిన మనుషులు టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు, ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. మాటంతా ఆడవాళ్లదే. వేలం పాడేదీ వాళ్లే, తూకం దగ్గర తగాదా పడేదీ వాళ్లే, ఐసు పెట్టెలు లాగించేదీ వాళ్లే. కానాగంతలు, కవళ్లు, చందువాలు, టైగర్ రొయ్యలు రాశులుగా పోసి ఉన్నాయి. ఒకావిడ కొంగు నడుముకి బిగించి దోపుకుని, ఓ వంజరాన్ని ఎత్తి బొటనవేలితో మొప్ప తెరిచి చూపించింది. లోపల తడిగా, చిక్కటి ఎరుపు. "ఇదిగో ఇలాగుండాల. నలుపు తిరిగితే ఎంత తక్కువకిచ్చినా కొనకండి బాబూ" అంది. కిలో ఏడొందలు చెప్పింది, అమ్మ ఆరొందల యాభైకి ఒప్పించింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం కదా, అప్పుడెలా అని అడిగితే, "అప్పుడు అప్పులు, ఇప్పుడు తీర్చడాలు" అని చెప్పి పక్క బేరంలోకి వెళ్లిపోయింది.

అక్కణ్నుంచి బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి. మార్గశిర మాసం, పైగా గురువారం, ఆ అమ్మవారికి అంతకన్నా పెద్ద రోజు ఉండదు. క్యూ వీధి దాటి మలుపు తిరిగింది. గర్భగుడికి పైకప్పు ఉండదు, అమ్మవారు ఎండకీ వానకీ అలాగే ఉంటుంది, ఎడమ చెయ్యి ఉండదు. 1912లో ఇక్కడి బావిలో విగ్రహం దొరికిందని, 1917లో రోడ్డు వెడల్పు కోసం పక్కకు జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందని, మళ్లీ తెచ్చి యథాస్థానంలో పెట్టాకే తగ్గిందని ఇక్కడివాళ్లు చెబుతారు. నాకు నచ్చిందేమిటంటే, ఇక్కడ భక్తులే స్వయంగా పసుపు కుంకుమలు వేసి అమ్మవారిని తాకి పూజ చేసుకోవచ్చు, కులమేదని అడిగేవాళ్లు లేరు. మా ముందు నిలబడ్డ కూలీపని చేసుకునే అమ్మాయి చిన్న సీసాలో పాలు తెచ్చుకుంది. ఆమె వంతు వచ్చినప్పుడు వెనకున్న అంత జనం తోసుకోకుండా ఆగారు. అమ్మకు ఆ గుడి మీద ఇష్టం కలిగింది కూడా అక్కడే అనుకుంటా. బయటికొచ్చాక చాలాసేపు దాని గురించే చెప్పింది.

రేవు ముఖద్వారం దగ్గర మూడు చిన్న కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద మేరీమాత చర్చి. మామయ్య అక్కడ నిలబెట్టి పోర్టు కథ చెప్పాడు. ఇదంతా ఒకప్పుడు ఆటుపోట్లకు మునిగి తేలే చిత్తడి నేల. దాన్ని తవ్వి, బయట అలల్ని ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట చేసి రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇదే రేవు మీద బాంబులు వేస్తే పట్నం పట్నమంతా మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పరుగెత్తింది. పేలని జపాన్ బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. 1948 మార్చి 14న ఇక్కడి షిప్‌యార్డులోంచి నెహ్రూ చేతుల మీదుగా జలఉష నీళ్లలోకి దిగింది. స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన తొలి పెద్ద ఓడ. ఈ మాట చెప్పేటప్పుడు మామయ్య గొంతు మారింది. ఆయన చేరేసరికి ఆ ముచ్చట పాతబడిపోయి ఉంటుంది, అయినా అది తన ఊరి గొప్ప.

మధ్యాహ్నం తర్వాత కురుసుర జలాంతర్గామి. సోవియట్ యూనియన్లో కట్టింది, 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో ఉంది, 2001 ఫిబ్రవరిలో విధుల నుంచి తప్పుకుంది, 2002లో ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు దాటుతుంది గానీ లోపలికి వెళ్తే ఆ పొడవేమీ తెలియదు, ఎక్కడ చూసినా గొట్టాలు, మీటర్లు, చక్రాలు. గుండ్రటి ద్వారాల్లోంచి ముందు కాలు పెట్టి, తర్వాత తల వంచి దూరాలి. గైడుగా ఉన్నది నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు అని చూపిస్తూ, ఆ టార్పెడోల పక్కనే ఉన్న పరుపులను కూడా చూపించాడు. "ఇక్కడే పడుకునేవాళ్లం" అన్నాడు. అంతే అన్నాడు. పిల్లలు ఫొటోల కోసం ఎగబడుతుంటే ఆయన మాత్రం ఆ పరుపు మీద దుప్పటి సరిచేసి ముందుకు నడిచాడు.

సాయంత్రం బీచ్‌లో మురీ మిక్స్చర్ తిన్నాం. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, వేయించిన పల్లీలు, పైన కారం. పొట్లం నలభై రూపాయలు. రాత్రి అత్తయ్య పొద్దున తెచ్చిన వంజరాన్ని వేపుడు చేసి, చివర్లో మాడుగుల హల్వా పెట్టింది. గోధుమల్ని నానబెట్టి రుబ్బి తీసిన పాలతో చేస్తారు, నెయ్యి వేళ్లకు అంటుకుంటుంది గానీ నోట్లో జిడ్డుగా ఉండదు.

డిసెంబరు 12, శుక్రవారం: బొర్రా

అరకు రైలు ఎక్కండి, కారులో వెళ్లినా సరే, కనీసం ఒక్క వైపైనా రైల్లో వెళ్లండి. శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేదాకా మామూలు పొలాలే. ఆ తర్వాత శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి అని స్టేషన్లు ఒక్కొక్కటే కొండ ఎక్కుతూ వస్తాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో కుర్రాళ్లు అరుపులు, వెలుగులోకి రాగానే నవ్వులు. జామకాయలు, ఉడకబెట్టిన పల్లీలు, అల్లం టీ వరసగా వస్తూనే ఉన్నాయి. ఇది ప్రయాణికుల కోసం వేసిన లైను కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో జపాన్ సాయంతో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేశారు, మొత్తం 58 సొరంగాలు. ఆ ఖనిజం వెళ్లాల్సింది కూడా జపాన్‌కే. నిన్న మామయ్య చెప్పిన బాంబుల సంగతి నాకు అక్కడ గుర్తొచ్చింది. రేవు మీద బాంబులేసి ఇరవై ఏళ్లు తిరగకముందే అదే దేశం అదే రేవుకి దారి వేయడానికి చెయ్యి కలిపింది. ఎదురుగా ఖనిజం నింపుకుని దిగుతున్న గూడ్సు కోసం మా రైలు ఒక చోట చాలాసేపు ఆగింది. ఎర్రటి దుమ్ము కిటికీ ఊచల మీద కూడా పడింది.

బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. బయట కోతులు, బొంగు చికెన్ పొయ్యిల పొగ, జీపులవాళ్ల బేరాలు. లోపలికి దిగడం మొదలుపెట్టగానే గాలి చల్లబడి, తడి వాసన, గబ్బిలాల వాసన. నోరు తెరిచిన గుహ ఎంత పెద్దదంటే మనుషులు కిందికి దిగుతుంటే మెట్ల మీద చుక్కల్లా కనిపిస్తారు. సున్నపురాయిలోంచి నీరు ఊరుతూ, తనలో కరిగించుకున్న సున్నాన్ని చుక్క చుక్కకీ కాస్త కాస్త వదులుతూ పోతే ఏర్పడ్డవే ఈ వేలాడే రాళ్లు, నేల మీంచి లేచిన స్తంభాలు. రంగురంగుల దీపాలు పెట్టారు. నాకైతే ఆ నీలం, ఆకుపచ్చ వెలుగులు లేకుండా మామూలు తెల్ల దీపం పెడితే రాయి అసలు రంగు తెలిసేదనిపించింది. ఒక చోట పైనుంచి చుక్క పడుతుంటే నేను చెయ్యి పట్టాను. చల్లగా పడింది, ఆరాక అరచేతి మీద సన్నటి తెల్ల మరక మిగిలింది. అలాంటి మరకలు వేల ఏళ్లపాటు ఒకదాని మీద ఒకటి చేరితే ఒక స్తంభం.

మెట్లెక్కి వెళ్తే లోపల శివలింగం ఉంది. అక్కడ కూర్చున్న పూజారి, ఈ కొండ మీద మేస్తున్న ఆవు గుహ పైకప్పుకున్న కన్నంలోంచి లోపల పడిందని, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి ఈ లింగం కనిపించిందని కథ చెప్పాడు. గోస్తని ఆ ఆవు పొదుగు నుంచే పుట్టిందని ఇక్కడి నమ్మకం. అమ్మ మోకాళ్ల నొప్పితో అన్ని మెట్లూ ఎక్కలేకపోయింది, కింద రాతి మీద కూర్చుంది. నేను కిందికొచ్చేసరికి పక్కనున్న గిరిజన ముసలావిడతో మాటల్లో పడిపోయి ఉంది. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులే. ఆవిడ ఏదో ఆకు పేరు చెప్పి, వేడిచేసి కట్టమంది.

బయట బొంగు చికెన్. పచ్చి వెదురు బొంగును ఒక కణుపు దగ్గర కోసి, కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కల్ని లోపల కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద వాలుగా పెడతారు. నూనె చుక్క కూడా వెయ్యరు, కోడి కొవ్వు, వెదురులోని చెమ్మ, ఆ రెండింటితోనే ఉడుకుతుంది. బొంగు బయట నల్లగా మాడాక పొడవునా చీల్చి అడ్డాకు మీద గుమ్మరించింది పొయ్యి దగ్గరున్న పిల్ల. మూడొందలు తీసుకుంది, ఇద్దరికి సరిపోయింది. ముక్కకు వెదురు వాసన పట్టి ఉంటుంది, పట్నంలో రెస్టారెంట్లలో అదే పేరుతో పెట్టేదానికి ఆ వాసన రాదు.

అక్కణ్నుంచి ఆటోలో అరకు. చేరేసరికి సంత ముగిసే వేళయింది. ఎక్కడెక్కడి గూడేల నుంచో తెచ్చిన రాగులు, సామలు, రాజ్‌మా, పసుపు, అల్లం, పిప్పళ్లు, కొండ చీపుర్లు నేల మీదే పరిచి ఉన్నాయి. అమ్మేవాళ్లు గట్టిగా అరిచి పిలవరు. మనం ఆగితే తలెత్తి చూస్తారు, ధర చెబుతారు, అంతే. అమ్మ పసుపు కొమ్ముల దగ్గర అలవాటుగా సగానికి బేరమాడబోతే పక్కనున్న కుర్రాడు, "వద్దమ్మా, ఆవిడ చెప్పింది అసలు ధరే" అన్నాడు. అమ్మ చెప్పినంత ఇచ్చేసింది.

డిసెంబరు 13, శనివారం: కాఫీ తోటలు, తాటిపూడి

పొద్దున్నే చలి మామూలుగా లేదు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, పైగా డిసెంబరు. లోయంతా మంచు, రోడ్డు పక్క వలిసె పూలు అప్పటికే చాలావరకు రాలిపోయి అక్కడక్కడ పసుపు మడులు మిగిలాయి. గిరిజన మ్యూజియం చూశాం, బాగుంది, పిల్లలుంటే తప్పక చూపించండి. పద్మాపురం తోట పైపైన చూసేశాం.

నా మనసంతా కాఫీ మీదే. అద్దె కారు అనంతగిరి ఘాట్‌లో ఒక తోట దగ్గర ఆపాం. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి చుట్టుకుని మిరియాల తీగలు, ఆ నీడలో నడుమెత్తు కాఫీ మొక్కలు. పళ్లు కోసే కాలం. నడుముకి బుట్ట కట్టుకున్న ఒకావిడ కొమ్మను ఎడమ చేత్తో వంచి, కుడి చేత్తో ఎర్రబడ్డవి మాత్రమే ఏరి తీస్తోంది, పక్కనే ఉన్న పచ్చి కాయ ఒక్కటి కూడా రాలడం లేదు. అడిగితే ఒక పండు నా చేతిలో పెట్టి నొక్కమంది. జారుతూ రెండు గింజలు బయటికొచ్చాయి, వాటి మీద జిగురు. నాలిక మీద పెట్టుకుంటే తియ్యగా ఉంది, కాఫీ రుచే లేదు. ఆ తొక్క తీసి, జిగురు పులియబెట్టి కడిగి, ఎండబెట్టి, పైపొర తీసి, వేయించాక గానీ మనకు తెలిసిన వాసన రాదు. "పచ్చికాయ కలిస్తే మేస్త్రీ ఊరుకోడు, కాఫీ చేదైపోద్ది" అంది. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2017లోనే ప్యారిస్‌లో అరకు కాఫీ పేరు మీద దుకాణం తెరిచారు. ఆమెకు ప్యారిస్ సంగతి తెలుసు. ఎవరో ఫోన్లో చూపించారట. తోట బయట బండి దగ్గర మేం తాగిన కాఫీ ముప్పై రూపాయలు, అక్కడే పావుకిలో పొడి రెండొందల యాభైకి కొన్నాం.

ఘాట్ దిగి శృంగవరపుకోటలో భోజనం చేసి తాటిపూడి వైపు మళ్లాం. ఇక్కడ దారి తప్పింది. ఫోన్లో మ్యాపు చూపించిన రోడ్డు సన్నబడి, సన్నబడి, చివరికి వరి కుప్పల మధ్య కళ్లంలోకి తీసుకెళ్లి ఆపేసింది. ధాన్యం ఎగరబోస్తున్న ముసలాయన చేట దించి, "ఇటు దారి నేదు బాబూ, ఏటి, డ్యాముకేనా? ఎనక్కెళ్లి రావిచెట్టు కాడ కుడిపక్కకి తిరగండి" అన్నాడు. కారు తిప్పడానికి చోటు లేకపోతే ఆయనా, ఇద్దరు కుర్రాళ్లూ వచ్చి గడ్డి మోపులు పక్కకు జరిపారు. నీళ్లు తాగి వెళ్లమన్నారు. తాగాం. డబ్బులివ్వబోతే డ్రైవరే ఆపాడు, "అలాటి పన్లు చేయకండి, బాధపడతారు" అని.

తాటిపూడి రిజర్వాయరు 1960ల్లో గోస్తని మీద కట్టింది. చుట్టూ కొండలు, మధ్యలో కదలని నీళ్లు, గట్టు మీద మాతోపాటు మేకలు కాసే పిల్లలు ఇద్దరు తప్ప ఎవరూ లేరు. విశాఖలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో ఇవీ కొన్ని. నిన్న గుహలో నా చేతి మీద పడ్డ చుక్క లాంటివి ఎన్ని చేరితే ఇన్ని నీళ్లు అనిపించి అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. నగరానికి ఇంత దగ్గరలో, నగరం తాగే నీళ్ల దగ్గరికి నగరం నుంచి వచ్చేవాళ్లు ఇంత తక్కువమంది ఎందుకో నాకర్థం కాలేదు. బడిపిల్లల్ని ముందు ఇక్కడికి తీసుకురావాలి, ఆ తర్వాతే పార్కులకి.

డిసెంబరు 14, ఆదివారం: పద్మనాభం, భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు

పద్మనాభంలో కొండ మీద అనంత పద్మనాభస్వామి, కింద ఊరు, దగ్గర్లో గోస్తని. 1794 జులై 10న ఇక్కడే విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం వదిలాడు. కంపెనీ బాకీల పేరుతో పీకల మీద కూర్చుని, చివరికి సంస్థానం వదిలి వెళ్లిపొమ్మంటే ఆయన వెళ్లలేదు. ఆయనతో పాటు పేరున్న ఎన్నో రాచకుటుంబాల వాళ్లూ పోయారు. బొబ్బిలి యుద్ధం గురించి మనకు పాటలున్నాయి, బుర్రకథలున్నాయి, చిన్నపిల్లలకు కూడా తాండ్ర పాపారాయుడు తెలుసు. ఈ పద్మనాభ యుద్ధం మాత్రం ఆ చుట్టుపక్కల తప్ప ఎవరికీ పట్టదు. రాజు సమాధికి దారి అడిగితే టీ కొట్టతను తానే వెంట వచ్చి చూపించాడు, కొట్టు అలా వదిలేసి. వచ్చేవాళ్లు తక్కువని, వచ్చినవాళ్లకు తానే చూపిస్తుంటానని చెప్పాడు. టీ పది రూపాయలు, దారి చూపించినందుకు ఏమీ తీసుకోలేదు.

భీమిలికి వచ్చేసరికి మధ్యాహ్నం. ఒక ఇంటి వరండాలోనే నడిచే మెస్సులో భోజనం: చేపల పులుసు, రొయ్యల వేపుడు, పప్పుచారు, మజ్జిగ, మనిషికి రెండొందల ఇరవై. వడ్డించే అక్క అమ్మను చూసి, "పెద్దమ్మా, ముల్లు ఏరి పెట్టనా?" అని అడిగింది. పులుసులో మామిడి ఒరుగులు వేశారు, చింతపండు పులుపు కన్నా మెత్తగా ఉంది.

17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారం కోసం స్థిరపడ్డారు, 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లారు. 1861లోనే ఈ ఊరికి మున్సిపాలిటీ వచ్చింది, దేశంలోనే పాతవాటిలో ఒకటి. డచ్చి శ్మశానంలో సమాధులు గోపురాల్లా కోసుగా లేచి ఉన్నాయి, కొన్నింటి మీద రాతిలో చెక్కిన అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి, కొన్నింటిని ఉప్పుగాలి తినేసింది. తమ ఊరు నుంచి నెలల తరబడి ఓడలో వచ్చి, ఈ ఎండలో జబ్బు చేసి పోయినవాళ్లు. అమ్మ ఒక చిన్న సమాధి దగ్గర ఆగి, "పసిబిడ్డ అయ్యుంటుంది" అంది. అక్షరాలు అరిగిపోయాయి, ఏమీ తెలియలేదు.

ఇక గోస్తని. ఊరికి ఉత్తరంగా వెళ్తే నది సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. వెడల్పుగా, లోతు లేకుండా, ఇసుక తిన్నెల మధ్య నెమ్మదిగా వచ్చి ఆగుతుంది, పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరే లోపలికి వస్తుంది. పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని ఈ నది ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసా అని అడిగా. "బొర్రాకాణ్నుంచి. మా అమ్మ చెప్పీది, ఆవు పాలు ఇక్కడిదాకా వస్తాయని" అన్నాడు. ఆయన బొర్రా ఎప్పుడూ చూడలేదట. నా ఫోన్లో గుహ ఫొటోలు చూపిస్తే వల పక్కన పెట్టి ఒక్కొక్కటి రెండేసి సార్లు చూశాడు, పక్క పడవ దగ్గరున్న ఆయన్ని కూడా కేకేసి పిలిచాడు. ఈ మొత్తం తిరుగుడులో నాకు అన్నిటికన్నా నచ్చిన అరగంట అదే.

తిరిగి వచ్చేటప్పుడు ఎర్రమట్టి దిబ్బలు. సినిమాల్లో చూసే ఉంటారు. వేల ఏళ్ల కిందట సముద్రమట్టం పెరిగి తగ్గినప్పుడల్లా చేరిన ఇసుక, ఇనుప ఆక్సైడు పట్టి ఎర్రబడి గట్టిపడింది, దాన్ని వానలు కోసి కోసి లోతైన వాగులు చేశాయి. 1886లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ వీటి గురించి మొదట రాశాడు. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ తప్ప లేవు. 2014లో జాతీయ భౌగోళిక వారసత్వ స్థలంగా ప్రకటించారు, 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. ఇంత చరిత్ర ఉన్న చోట గోడల మీద పేర్లు గీకుతున్నారు. మెత్తటి మట్టి అది, గోరుతో గీసినా పెళ్ల ఊడి వస్తుంది, ఊడితే మళ్లీ అతకదు. పిల్లల్ని వాలు మీంచి జారుడుబల్ల ఆడిస్తున్న ఒక కుటుంబానికి మామయ్య నెమ్మదిగా చెప్పాడు, వాళ్లు వెంటనే దింపేశారు. చెప్పేవాళ్లుంటే వినేవాళ్లు ఉన్నారు. అక్కడ ఒక కాపలా మనిషి, ఒక బోర్డు సరిగ్గా ఉంటే సగం నష్టం ఆగుతుందని నా గట్టి నమ్మకం.

పొద్దు వాలేలోపు తొట్లకొండ ఎక్కాం, కారు పైదాకా వెళ్తుంది. సముద్రానికి 128 మీటర్ల ఎత్తు. నౌకాదళం స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే బయటపడింది, 1988 నుంచి తవ్వకాలు జరిగాయి. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఇక్కడ బతికారు. వాననీరు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లు, స్తూపం, చిన్న చిన్న గదుల పునాదులు. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి, అంటే కింద కనిపించే ఈ సముద్రం మీదుగా అంత దూరపు వ్యాపారం నడిచిందన్నమాట. 2019 వానలకు మహాస్తూపం కొంత కూలితే మళ్లీ కట్టారు, కొత్త ఇటుక రంగు తేడా తెలుస్తుంది. ఆదివారం కాబట్టి జనం ఉన్నారు, ఎక్కువమంది సముద్రం వైపు తిరిగి సెల్ఫీలు.

డిసెంబరు 15, సోమవారం: సింహాచలం, శంకరం

సింహాచలం అమ్మ కోసం. స్వామి ఏడాదంతా చందనం కింద ఉంటాడు, అక్షయ తృతీయ నాడు చందనోత్సవానికి మాత్రమే నిజరూపం. ఆ తర్వాత విడతల వారీగా మళ్లీ చందనం పూస్తారు. 1516లో కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో వచ్చి వేయించిన శాసనం ఉంది, గుడిలో అంతకు నాలుగు వందల ఏళ్లకు పైగా ముందటి చోళుల కాలపు శాసనం కూడా ఉంది. భక్తులు కౌగిలించుకుని కోరిక చెప్పుకునే కప్పస్తంభాన్ని అమ్మ రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది. ఏం కోరుకుందో నేను అడగలేదు. మెట్ల దగ్గర సంపెంగలు దొరికాయి, దోసెడు యాభై.

రైలు అనకాపల్లిలో ఎక్కాలని పెట్టుకున్నాం, శంకరంలోని బౌద్ధ గుహల కోసం. అనకాపల్లి అంటే అందరికీ బెల్లమే గుర్తొస్తుంది, ఆ మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి, బయటి వీధిలోనే పాకం వాసన వస్తుంది. కానీ ఊరికి కాస్త దూరంలోనే, శంకరంలో, బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. 1906 నుంచి 1908 మధ్య పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ తవ్వించాడు, సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. బొజ్జన్నకొండ పెద్ద గుహలో పదహారు చతురస్ర స్తంభాల నడుమ రాతిని తొలిచి నిలిపిన స్తూపం, పైఅంతస్తులో కూర్చున్న బుద్ధుడు. పక్కనున్న లింగాలకొండ మీద రాతినే చెక్కి వరసలు వరసలుగా చేసిన స్తూపాలు, చిన్నవీ పెద్దవీ, కొండ శిఖరం దాకా. కనుమ రోజున ఇక్కడి జనం రాక్షసుడనుకుని బొజ్జన్నకొండ మీద బొమ్మపై రాళ్లు రువ్వే ఆచారం ఉండేది. కాపలా ఉన్న ఆయన ఆ ఊరివాడే. "మా చిన్నప్పుడు మేమూ ఇసిరీవోళ్లం. బుద్ధుడని ఎవలు సెప్పారు మాకు? తర్వాత పెద్దోళ్లొచ్చి కూచోబెట్టి సెప్పారు, మానేశాం" అన్నాడు. ఇప్పుడు తన మనవడికి రోజూ ఆ గుహలు తిప్పి చూపిస్తాడట. మాకూ అంతే శ్రద్ధగా చూపించాడు, ఏ స్తూపం ఒకే రాయో, ఏది ఇటుకతో కట్టిందో చేత్తో తట్టి మరీ.

అనకాపల్లి స్టేషన్ నుంచి ఆటో రానూ పోనూ, అక్కడ గంటన్నర ఆగడంతో కలిపి నాలుగొందలు తీసుకున్నాడు. నీళ్లు తీసుకెళ్లండి, పైన ఏమీ దొరకదు. మెట్లు ఎక్కువే గానీ మధ్యలో కూర్చోడానికి నీడ ఉంది, అమ్మ మెల్లగా ఎక్కేసింది. పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే గుహ ముఖం మీద ఎండ సూటిగా పడుతుందని, అప్పుడు ద్వారపాలకుల ముఖాలు బాగా కనిపిస్తాయని ఆ కాపలా ఆయనే చెప్పాడు. మేం వెళ్లింది మధ్యాహ్నం దాటాక, మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి.